జనవరి రెండో తేదీ

నేను పుట్టింది శ్రావణమాసంలో, గుడివాడలో, మా అమ్మమ్మగారింటికి రెండు వీధుల అవతలున్న నర్సింగ్‌హోములో. కాగితాల మీద మాత్రం జనవరి రెండో తేదీన పుట్టాను. అదీ మరుసటి ఏడాది జనవరి కాదు, ఆ పై ఏడాది జనవరి. అంటే పాకడం, నడవడం, పక్కింటి పిల్లవాణ్ణి కొరికి దెబ్బలు తినడం అన్నీ అయ్యాకే సర్కారు దృష్టిలో నేను భూమ్మీద పడ్డాను. ఈ రెండో పుట్టుక మా నాన్న చలవ.

నాన్న దివిసీమలో ఒక మండలాఫీసులో గుమస్తా. మేము అవనిగడ్డలో అద్దెకుండేవాళ్ళం. ఆయనది ముత్యాల్లాంటి చేతిరాత. కోపంలో రాసినా, జ్వరంలో రాసినా ఒక్క అక్షరం వంకరపోయేది కాదు. ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగీ తాగకముందే మా వసారాలో జనం చేరేవారు. రేషన్ కార్డు, వృద్ధాప్య పింఛను, హాస్టలు సీటు, పాలిటెక్నిక్కు, ఎంసెట్టు, ఏ అప్లికేషనైనా సరే నాన్న చేత నింపిస్తే తిరిగి రాదని దివిసీమలో ఒక నమ్మకం. ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవారు కాదు. వాళ్ళే మొహమాటానికి సొరకాయో, అరటిగెలో తెచ్చి పెట్టి వెళ్ళేవారు. ఒకసారి హంసలదీవి నుంచి ఒకాయన ఎంతో అభిమానంగా బుట్టెడు బతికున్న పీతలు తెచ్చాడు. ఉల్లిపాయ కూడా ఆలోచించి తరిగే మా అమ్మ ఆ సాయంత్రమంతా వసారాలోకి రాలేదు.

అప్లికేషను నింపడానికి నాన్నకి కొన్ని పద్ధతులుండేవి. ముందు పెన్సిలుతో, తర్వాత సిరాతో. కొట్టివేతలు ఉండకూడదు. ఏ గడీ ఖాళీగా వదలకూడదు, అవసరం లేనిచోట 'వర్తించదు' అని రాయాలి. వచ్చినవాళ్ళు తొందరపెడితే, "కాగితం మాట్లాడదండీ, మనం రాసిందే అది జన్మంతా చెప్తూ ఉంటుంది," అనేవారు. ఆ మాట మా ఇంటిమీదికే వస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు.

ఇంత పద్ధతిగల మనిషి కన్నకూతురి పుట్టిన తేదీ ఎందుకు మార్చారూ అంటే, దాని వెనక ఆయన సొంత బాధ ఒకటుంది. నాన్న చిన్నప్పుడు వాళ్ళ ఊరి మాస్టారు ఈయన తెలివితేటలు చూసి ముచ్చటపడి, పై పరీక్షకి వయసు చాలదని రెండేళ్ళు పెంచి రాసేశారట. పరీక్ష గట్టెక్కింది. ఉద్యోగంలో చేరాక తెలిసింది, ఆ రెండేళ్ళూ సర్వీసు ఆఖర్లో తెగిపోతాయని. యాభై ఎనిమిది నిండాయని ఇంటికి పంపేనాటికి తనకి నిజంగా యాభై ఆరే ఉంటాయని నాన్న తలుచుకోని రోజు లేదు. ఆయనకి ఆఫీసంటే అంత ఇష్టం. ఆదివారం వస్తే ఏం చెయ్యాలో తోచక నా పుస్తకాలకి అట్టలు వేసేవారు.

అందుకని పెళ్ళైన చాలా ఏళ్ళకి లేకలేక నేను పుట్టినప్పుడే నిశ్చయించుకున్నారట, తనకి జరిగింది నాకు జరక్కూడదని. చిన్న తరగతులు వీధి చివరి కాన్వెంటులో చదివాను, అక్కడ తేదీలు అడిగేవాళ్ళు లేరు. ఆరో తరగతికి హైస్కూల్లో చేర్పించినప్పుడు తండ్రి ఇచ్చే డిక్లరేషను కాగితం మీద ఏడాదీ అయిదు నెలలు తగ్గించి, జనవరి రెండు అని రాసి సంతకం పెట్టారు. ఏడాది ఎందుకు తగ్గించారో సరే, ఆ రెండో తేదీ ఏమిటని అమ్మ అడిగింది. దానికి నాన్న ఇచ్చిన జవాబు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పేవారు. ఒకటో తేదీన పుట్టినవాళ్ళకి ముందు నెల ఆఖరి రోజుకే ఏడాది నిండినట్టు లెక్క, అందుకని వాళ్ళు ముందు నెలాఖరునే రిటైరైపోతారు. రెండో తేదీన పుట్టినవాళ్ళు ఆ నెలంతా ఉద్యోగంలో ఉంటారు. ఒక్క రోజుతో నెల సర్వీసు కలిసొస్తుంది. కూతురు ఇంకా పదకొండో ఎక్కం దగ్గర తడబడుతుంటే ఈయన దాని రిటైర్మెంటు ఏర్పాట్లు చూస్తున్నారని అమ్మ దెప్పేది. నాన్న నవ్వేవారు.

పదో తరగతి పరీక్షకి కాగితం మీది వయసు చాల్లేదు. నాన్న ఏమాత్రం కంగారుపడకుండా హెడ్మాస్టరుగారి ద్వారా మినహాయింపు తెప్పించారు. అదొక పద్ధతి, దానికో ఫారం ఉంది, నింపారు, వచ్చింది. దాంతో ఆయన ధైర్యం ఇంకా పెరిగింది.

ఇంటరు గుడివాడలో మా మావయ్య ఇంట్లో ఉండి చదివాను. మావయ్య రైసుమిల్లులో మేనేజరు. ఏ పనైనా ఎవరితోనైనా మాట్లాడి ముగించేసే రకం. నాకు డాక్టరు కావాలని ఎప్పుడు అనిపించిందో చెప్పలేను గానీ, ఎందుకనిపించిందో చెప్పగలను. నేను దేన్నైనా పట్టుకుంటే వదలను, ఎవరైనా ఒంట్లో బాగోలేదంటే ఎందుకు బాగోలేదో తేలేదాకా వాళ్ళని ప్రశ్నలతో చంపుతాను. ఆ గుణానికి ఇదొక్కటే గౌరవమైన ఉద్యోగమని మావయ్య తేల్చాడు. రెండేళ్ళు వాళ్ళింటి మేడమీద గదిలో బొద్దింకల్నీ కప్పల్నీ బొమ్మలు గీస్తూ గడిపాను. ఎంసెట్ అప్లికేషను నాన్నే నింపారు, అవనిగడ్డ వసారాలో, పెన్సిలు తర్వాత సిరా. మూడంకెల ర్యాంకు వచ్చింది. గుంటూరో, కాకినాడో ఖాయమన్నారు అందరూ. అమ్మ మోపిదేవి వెళ్ళి పుట్టలో పాలు పోసి వచ్చింది.

ఇక కౌన్సెలింగుకి కావలసిన కాగితాల పని మిగిలింది. ఆరు నుంచి ఇంటరు దాకా స్టడీ సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు, టీసీ, నేటివిటీ. అన్నీ మూడు సెట్లు జిరాక్సు తీసి గెజిటెడ్ అధికారి చేత సంతకం చేయించాలి. నాన్న ఆఫీసరే గెజిటెడ్. కానీ సొంత ఇంటి కాగితాలు సొంత ఆఫీసులో పెట్టకూడదని నాన్న నియమం. అందుకని మేము పశువుల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. మా ప్రాంతంలో పిల్లల చదువులన్నీ ఆయన ఆకుపచ్చ సిరా మీదుగానే సాగేవి. ఆ ఆస్పత్రి ఆవరణలో ఒకవైపు గేదెలు, ఇంకోవైపు సర్టిఫికెట్లు పట్టుకుని పిల్లలు వరసలో ఉండేవారు.

మేము వెళ్ళేసరికి ఆయన కొయ్యల చట్రంలో నిలబెట్టిన గేదెకి ఇంజెక్షను ఇస్తున్నారు. చేతులు కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. మిగతా అధికారులు చూడకుండా వరసగా గీకేస్తారని విన్నాను, ఈయన మాత్రం ఒరిజినలూ జిరాక్సూ పక్కపక్కన పెట్టుకుని ప్రతి పంక్తీ చదివేవారు. నాలుగో కాగితం దగ్గర ఆగారు. పెన్నుకి మూత పెట్టారు.

"అమ్మాయి మెడిసిన్‌కే కదండీ?" అని నాన్నని అడిగారు.

ఔనన్నారు నాన్న, కాస్త గర్వంగానే.

"డిసెంబరు ముప్పై ఒకటికి పదిహేడు నిండాలండీ. ఒక్క రోజు తక్కువుంది."

నాన్న నవ్వి, పదహారండీ, అన్నారు. ఆయనకి ఆ నియమం కంఠతా వచ్చు, ఎన్నేళ్ళుగా ఎన్ని అప్లికేషన్లు నింపారో. డాక్టరుగారు నెమ్మదిగా, పదహారు ఇంజనీరింగుకండీ, మెడిసిన్‌కీ మా పశువైద్యానికీ పదిహేడు, అన్నారు. అప్లికేషను అందరికీ ఒకటే, వయసు మాత్రం వేరు. మా వసారాకి వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమంది ఇంజనీరింగుకి రాసినవాళ్ళే. నాన్న ఇన్ఫర్మేషను పుస్తకంలో ఆ పేజీ ఏళ్ళ కిందట ఒకసారి చదివి, మళ్ళీ తెరవలేదు. పరాయి పిల్లల్లో ఎవరికీ ఈ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే వాళ్ళ నాన్నలెవరూ గుమస్తాలు కారు, పిల్లల రిటైర్మెంటు గురించి ఎవరూ ఆలోచించలేదు.

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. నాన్నకి వెంటనే అర్థమైంది. ఒకటో తేదీ అని రాసి ఉంటే డిసెంబరు ముప్పై ఒకటికే నాకు పదిహేడు నిండినట్టు లెక్క. ఏ లెక్క అయితే చుట్టాలందరికీ చెప్పి మురిసిపోయారో అదే లెక్క. ఆయన చేతిలోని ఫైలు తాడు విప్పారు, మళ్ళీ కట్టారు. డాక్టరుగారు మిగతా కాగితాల మీద కూడా సంతకాలు పెట్టి, అసలు తేదీకి రుజువు దొరికితే ఏదైనా దారి ఉండొచ్చు, ప్రయత్నించండి, అన్నారు.

ఆ వారమంతా బస్సుల్లోనే గడిచింది. ముందు గుడివాడ వెళ్ళి మునిసిపల్ ఆఫీసులో పుట్టిన తేదీ సర్టిఫికెట్టు తెచ్చుకున్నాం. అందులో శ్రావణమాసపు అసలు తేదీ, నర్సింగ్‌హోము పేరు, అమ్మ పేరు, నాన్న పేరు, నాకింకా పేరు పెట్టలేదు గనక 'ఆడ శిశువు' అని ఉంది. నాకు ఆ ఆడ శిశువు మీద అసూయ కలిగింది. దానికి వయసు సరిపోతుంది.

తర్వాత ఆ కాగితం పట్టుకుని బందరు వెళ్ళాం. జిల్లా విద్యాశాఖ ఆఫీసులో సూపరింటెండెంటుగారు, నాన్నా పెళ్ళిళ్ళు కాకముందు బందరులో ఒకే గదిలో అద్దెకున్నవాళ్ళు. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, రూల్సు పుస్తకం తీసి మొత్తం చదివి వినిపించారు. పదో తరగతి సర్టిఫికెట్టులోని తేదీని మార్చడానికి ఒక్కటే దారి ఉంది. తండ్రి సరిగ్గా రాసిచ్చి, స్కూలు గుమస్తా అడ్మిషను రిజిస్టరులోకి ఎక్కించేటప్పుడు పొరపాటు చేసి ఉంటే, ఆ సంగతి స్కూలువాళ్ళు ఒప్పుకుని రాసిస్తే, పైకి పంపొచ్చు. తండ్రే ఆ తేదీ రాసిస్తే మాత్రం చేసేది లేదు. "నువ్వే రాశావా?" అని ఆయన నాన్నని అడిగారు. నేనే రాశాను, అన్నారు నాన్న. ఆయన పుస్తకం మూసి, టీ చల్లారిపోతోంది తాగమన్నారు.

సంగతి విని మావయ్య గుడివాడ నుంచి మరునాటికే వచ్చి పడ్డాడు. వచ్చినవాడు ఊరికే కూర్చోకుండా స్కూలుకి వెళ్ళి ఒక కబురు పట్టుకొచ్చాడు. పాత డిక్లరేషను కాగితాలన్నీ ఓ తుపానులో తడిసి, తర్వాత చెదలు పట్టి పోయాయట. రిజిస్టరు ఒక్కటే మిగిలింది. అంటే నాన్న ఏ తేదీ రాసిచ్చారో చెప్పే కాగితం ఈ లోకంలో లేదు. ఆ సాయంత్రం స్కూలు గుమస్తాగారే మా ఇంటికొచ్చారు. బక్కపలచటి మనిషి, నాన్న కంటే ఆరేడేళ్ళు చిన్న. వాళ్ళ ఇద్దరు తమ్ముళ్ళ అప్లికేషన్లూ నాన్నే నింపారు.

వసారాలో నాన్న, మావయ్య, ఆయన కూర్చున్నారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. నేను ఆ తలుపు వెనక ఉన్నానని అందరికీ తెలుసు.

గుమస్తాగారు చేతులు కట్టుకుని, ఎక్కించేటప్పుడు తనదే పొరపాటని రాసిచ్చేస్తానన్నారు. పెద్ద ఇబ్బందేమీ ఉండదు, మహా అయితే ఒక మెమో ఇస్తారు, జవాబు చెప్పుకుంటాను, అన్నారు. మావయ్య తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, మరి రేపే హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్దామన్నాడు. తలుపు సందులోంచి నాన్న మొహం కనబడుతోంది. ఆయన గుమస్తాగారి వైపు తిరిగారు.

"మెమో మీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుందండీ," అన్నారు నాన్న. "రిటైరయ్యేదాకా అక్కడే ఉంటుంది. మీరు చెయ్యని తప్పు మీ పుస్తకంలో రాయించి, మా అమ్మాయి తేదీ దిద్దుకోలేను."

మావయ్యకి కోపం వచ్చింది. పిల్ల ఏడాది పోతుంది బావా, అన్నాడు. నాన్న తల ఊపారు, తెలుసన్నట్టు. గుమస్తాగారు ఇంకా ఏదో చెప్పబోతే, ఆయన చెయ్యి పట్టుకుని, మీరు వచ్చి ఆ మాట అన్నారు, అది చాలండీ, అని గేటు దాకా సాగనంపి వచ్చారు.

ఇప్పుడు నేనూ ఆయన చేసిందే సరైన పని అంటాను. ఆ రోజు అనలేదు. నాకు పదిహేడేళ్ళు, అసలు తేదీ ప్రకారం. రెండేళ్ళు కప్పల బొమ్మలు గీసినదాన్ని. నాన్న తిరిగి మెట్లెక్కుతుంటే తలుపు తీసుకుని బయటికొచ్చి అన్నాను.

"నాకు ఏడాది ఇచ్చానని అందరికీ చెప్పుకునేవాడివి. ఇవ్వలేదు నాన్నా. తీసుకున్నావు."

అమ్మ లోపల్నుంచి నా పేరు పెట్టి గట్టిగా పిలిచింది. నాన్న మావయ్యని భోజనానికి లేవమన్నారు. మా ఇంట్లో ఆ రోజు అందరూ భోంచేశారు, ఎవరూ మారు వడ్డించమనలేదు.

అయినా కౌన్సెలింగుకి విజయవాడ వెళ్ళాం. నాన్న ఒక అర్జీ రాశారు, రెండున్నర పేజీలు. అందులో దాపరికం ఏమీ లేదు. తండ్రినైన నేనే తెలిసి ఈ తేదీ రాశాను, అమ్మాయి తప్పేమీ లేదు, అసలు తేదీ ఇదిగో, దయచేసి ఒక్క రోజు మినహాయింపు ఇవ్వండి, అని. హాలు నిండా ఫైళ్ళు పట్టుకున్న తండ్రులు, గోళ్ళు కొరుక్కునే పిల్లలు. సర్టిఫికెట్లు చూసే బల్ల దగ్గర కూర్చున్న మేడం ఆ అర్జీని మొదటి నుంచి చివరిదాకా చదివారు. వెనక వరసలోవాళ్ళు గొణుగుతున్నా ఆపలేదు. చదివి, రెండు చేతులతో నాన్నకి తిరిగిచ్చి, వచ్చే ఏడాది తప్పకుండా రండి, అని నాతో అన్నారు. నాకు ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలనిపించింది, కానీ రాలేదు. కరకట్ట మీద బస్సులో నాన్న అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం డబ్బా తీసి ముందు నాకిచ్చారు. నేను తిన్నాను, మాట్లాడకుండా.

ఆ తర్వాత నాలుగు నెలలకే నాన్న రిటైరయ్యారు, కాగితాల మీద యాభై ఎనిమిది నిండి. దండలు వేశారు, శాలువా కప్పారు, మాటలు మాట్లాడారు. మర్నాడు పొద్దున్న స్నానం చేసి, చొక్కా వేసుకుని, పెన్ను జేబులో పెట్టుకుని, వసారాలోకి వచ్చి కూర్చున్నారు. అక్కడ నేను అప్పటికే పుస్తకం పట్టుకుని కూర్చుని ఉన్నాను. లేని వయసు వల్ల ఆయనా, ఉన్న వయసు కాగితం మీద లేకపోవడం వల్ల నేనూ, ఇద్దరం పట్టపగలు ఇంట్లో ఉన్నాం. ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. ముందెవరు నవ్వారో గుర్తులేదు. నాలుగైదు నెలలుగా మూసుకుపోయిన నోళ్ళు అప్పుడు తెరుచుకున్నాయి.

ఆ రోజు నుంచి నాన్నకి నేనే ఆఫీసు. పదిన్నరకి మొదలు, ఒంటిగంటకి భోజనం, మళ్ళీ రెండు నుంచి అయిదు. బోటనీ, జువాలజీ ఆయనే పైకి చదివేవారు, సర్కారు ఉత్తర్వులు చదివే గొంతుతో. 'కప్ప గుండెకు మూడు గదులుండును' అని ఆయన చదువుతుంటే కప్ప తప్పనిసరిగా అలా ఉంచుకోవాలని పైనుంచి ఆదేశం వచ్చినట్టుండేది. మధ్యలో ఆపి, మరి మన గుండెకి నాలుగెందుకు, మూడు చాలవా, అని అడిగేవారు. ఆయనకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే నాకు ముందు అర్థం కావాలి. మేడమీద గదిలో రెండేళ్ళు బట్టీ పట్టినదంతా ఆ వసారాలో, ఆ ప్రశ్నలకి జవాబులు వెతుకుతూ, నిజంగా నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరికైనా గుండెజబ్బు గురించి చెప్పాల్సి వస్తే నాన్నకి చెప్పినట్టే చెప్తాను.

అయిదయ్యాక అప్లికేషన్లవాళ్ళు వచ్చేవారు. నాన్న నింపడం మానలేదు, ఒక్క పద్ధతి మాత్రం మారింది. ఇన్ఫర్మేషను పుస్తకంలో వయసు గురించిన పేజీ ముందు నా చేత పైకి చదివించేవారు. ఏ చదువుకి వెళ్తారో అడిగి, పుట్టిన తేదీ అడిగి, వేళ్ళ మీద లెక్కపెట్టి, అప్పుడే పెన్సిలు పట్టుకునేవారు. ఆ ఏడాది అందరికీ ఈ ప్రశ్న విసుగ్గా ఉండేది. వాళ్ళలో ఎవరికీ ఎందుకని చెప్పలేదు ఆయన.

మరుసటి ఏడాది ర్యాంకు కాస్త వెనక్కి పోయింది గానీ సీటుకి ఢోకా లేకుండా వచ్చింది. ఆకుపచ్చ సంతకాలు మళ్ళీ పశువుల డాక్టరుగారివే. ఈసారి ఆయన నాలుగో కాగితం దగ్గర ఆగి, నాన్న వైపు చూసి, నవ్వి సంతకం పెట్టారు. విజయవాడలో తేదీ చూసి టిక్కు పెట్టడానికి బల్ల దగ్గరివాళ్ళకి ఒక్క క్షణం కూడా పట్టలేదు. నాన్న అడ్డంగా కట్టిన తాడు అవతల, మిగతా తండ్రుల మధ్య, మునివేళ్ళ మీద నిలబడి చూస్తున్నారు. కాకినాడ, అని నేను పెదాలతో చెప్పాను. ఆయనకి అందలేదు. మళ్ళీ చెప్పాను. అప్పుడు కూర్చోవడానికి కుర్చీ కోసం వెతుక్కున్నారు.

చదువు పూర్తయి, నాకు సర్కారు ఉద్యోగం వచ్చేసరికి, నేను ఆ మాట అని తొమ్మిదేళ్ళు దాటింది. బందరుకి కొంచెం అవతల ఒక పల్లెటూరి ఆరోగ్య కేంద్రంలో పోస్టింగు. చేరే రోజున నాన్న తోడొస్తానన్నారు. నాకు పెళ్ళైంది, సొంతంగా రోగుల్ని చూస్తున్నాను, నాకు తోడేమిటని వేళాకోళం చేశాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచిలో నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ సర్దుకుని గుమ్మంలో నిలబడ్డారు.

అక్కడి హెడ్ గుమస్తాగారు కొత్త సర్వీసు పుస్తకం తెరిచారు. పేరు రాశారు, తండ్రి పేరు రాశారు. పుట్టిన తేదీ అని తలెత్తారు. నేను నోరు తెరిచేలోపే నాన్న, "జనవరి రెండు," అన్నారు. తర్వాత కాస్త మొహమాటపడుతూ, మా రోజుల్లో రిటైరయ్యే తేదీ కూడా పెన్సిలుతో పక్కన రాసుకునేవాళ్ళమండీ, మీకు అభ్యంతరం లేకపోతే, అన్నారు. గుమస్తాగారికి అభ్యంతరం లేకపోయింది. వేళ్ళ మీద లెక్కపెట్టబోతే నాన్న అప్పటికే చెప్పేశారు, ఫలానా ఏడాది, జనవరి ముప్పై ఒకటి. ఆ ఏడాది సంఖ్య వింటే నాకు నవ్వొచ్చింది, అంత దూరంలో ఉంది. నాన్న నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకుని ఆ పెన్సిలు గీతని చూస్తూ నిలబడ్డారు.

సాయంత్రం బస్సు కోసం రోడ్డు పక్క సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఇటూ అటూ వరి చేలు. నాన్న సంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సు వచ్చే వైపు చూస్తూ అన్నారు.

"ఏడాది తీసుకున్నావన్నావు కదమ్మా ఆ రోజు. తీసుకున్న మాట నిజమే. ఇచ్చింది ఏడాదీ అయిదు నెలలు. తీసుకున్నది పోయినా అయిదు నెలలు నీకు మిగిలినట్టే. అప్పటికి నేనుండను గానీ, ఆ అయిదు నెలలూ డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఒకసారి నన్ను తలుచుకో."

ఆయన ఆ మాట మరిచిపోయారనే నేను అనుకుంటూ వచ్చాను. వసారాలో అన్ని రోజులు పక్కపక్కన కూర్చున్నాం, ఎన్నో మాట్లాడుకున్నాం, ఒక్కసారి కూడా ఎత్తలేదు. తొమ్మిదేళ్ళు దాన్ని మోస్తూ, జవాబు చెప్పడానికి నా సర్వీసు పుస్తకం తెరిచే రోజు కోసం ఆగారు. నాకు ఏడుపొచ్చింది, రోడ్డు మీదే.

"ఆ ఏడాది పోలేదు నాన్నా," అన్నాను. "అది కూడా నా దగ్గరే ఉంది."

నాన్న లెక్కపెట్టుకున్నారు. పెదాలు కదిలాయి, వేళ్ళు కూడా.

"అయితే మొత్తం ఏడాదీ అయిదు నెలలూ నీకే," అన్నారు.

బస్సొచ్చింది. ఆయన చేతిసంచి నేను అందుకోబోయాను, ఇవ్వలేదు, అందులో నా ఒరిజినల్సు ఉన్నాయన్నారు.